సన్యాసిరావు చేతి ముద్ద

మిట్టమధ్యాహ్నం... ఉగాది ముందరి కొత్త అమావాస్య!

మనిషి నీడ మనిషి కాళ్ళకిందే భయంతో ముడుచుకుపోయే ఆ ఘోరముహూర్తంలో, కశింకోట అవతల చెరకుతోటల నడుమ, పాడుబడిన గానుగ పాక మీద గుడ్లగూబ కూసింది. రాత్రి కూయాల్సిన పక్షి పట్టపగలు కూసిందంటే దానికి మతైనా పోయుండాలి, పాకలో జరుగుతున్నది చూసి నిద్రైనా పట్టకుండా ఉండాలి. మబ్బుతునక లేని ఆకాశంలో ఉరుమొకటి దొర్లింది... కదిలించకూడని బండనెవరో కదిలించినట్టు.

లోపల చెరకు పిప్పి భగభగ మండుతోంది. పొయ్యి మీద పెనంలో పాకం కుతకుతలాడుతోంది. పొయ్యి గట్టున కుంకుమ పూసిన కపాలం! దాని వెనక రక్తనేత్రాలతో, జటాజూటంతో, కంఠాన ఎముకలదండతో మహామాంత్రికుడు ఘోరభైరవానందుడు... అంత పేరూ తను పెట్టుకున్నదే. తల్లి పెట్టిన పేరు దేముడు.

ఎదురుగా పీట మీద తల వంచుకుని కూర్చున్నవాడు సన్యాసిరావు, దేముడికి వరసకి బావ. అనకాపల్లి బెల్లం మార్కెట్లో అతని గొడౌన్లు చూపించకుండా ఎవరూ ఊరు చూపించేవారు కాదు. తాత నాటినుంచీ ఆ కుటుంబానిదే ఏలుబడి. అన్న పరదేశి ఓట్లు చూసుకునేవాడు, తమ్ముడు సన్యాసిరావు బెల్లం చూసుకునేవాడు. జనం అన్నకి భయపడేవారు, తమ్ముణ్ణి నమ్మేవారు. రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

గానుగ పాకల్లో ఒక కట్టుబాటుంది. పెనం దించాక మొదటి ముద్ద ఎవరికి చాస్తే వాళ్ళు కాదనకుండా తినాలి. కాదంటే పాకం విరిగిపోతుందని, దిమ్మ కట్టదని నమ్మకం. భైరవానందుడు తన వాక్‌స్తంభన విద్యనంతా ఆ కట్టుబాటు మీదే నిలబెట్టాడు. మంత్రించిన ముద్ద తిన్నవాడి నోటినుంచి 'వద్దు' అన్న మాట ఊడిపోయి కపాలంలో పడుతుంది. ఆ తర్వాత పరదేశి ఏం చేసినా వాడు తలాడిస్తాడు.

మొదట తిన్నది అప్పలనర్సమ్మ. నాతవరం మనిషి. చిన్నప్పుడు సన్యాసిరావుని చంకనేసుకుని తిప్పింది. ఆమె పెనిమిటి సత్తియ్య తన చెరకుపొలం పరదేశికి రాసివ్వనన్నాడు. వారం తిరక్కుండా కొండకర్ల ఆవ నీళ్ళలో, తామరాకుల మధ్య, శవమై తేలాడు. మీటింగులో నిలబడి అంతా చెప్పేస్తానంది అప్పలనర్సమ్మ. ఆ పొద్దు అన్న పంపగా బెల్లం పట్టుకెళ్ళినవాడు సన్యాసిరావు. ముద్దలో ఏముందో తెలుసు. తెలిసే చెయ్యి చాచాడు. "నువ్వు పెడితే ఇసమైనా తింతాను సినబాబూ" అని నవ్వుతూ తిందామె.

ఐదేళ్ళయింది. ఆ నవ్వు ఇంకా సన్యాసిరావు అరచేతిలో అంటుకునే ఉంది. ఎంత కడిగినా బంకగా తగులుతుంది. అన్నం కలిపేటప్పుడు మరీను.

"తీసుకురండి దాన్ని," అన్నాడు మాంత్రికుడు.

ఎవరూ తేలేదు. అప్పలనర్సమ్మ తనే వచ్చింది. విరబోసిన జుట్టు, రెప్పవాలని కళ్ళు, నేలకానని మడమలు... దారానికి కట్టి లాగినట్టు నడిచొచ్చి పొయ్యి ముందు కూలబడింది. పెదవులు విచ్చుకున్నాయి. ఆ ఎండిన ఆడగొంతులోంచి మగగొంతు, సాక్షాత్తు భైరవానందుడి గొంతే, పాక దద్దరిల్లేలా పలికింది:

"జై పరదేశి బాబూ... మా ఓటు నీకే బాబూ..."

సన్యాసిరావు ఎన్ని మీటింగుల్లో విన్నాడు ఈ జేజేలు! దండలేసి తిప్పారు ఆమెని, సత్తియ్య పెళ్ళామే మనవైపుందని.

జేబులో సెల్‌ఫోన్ మోగింది. అన్న.

"ఒరే సన్నాసీ, అయిందా? సాయంత్రం మీటింగులో బెల్లం నీ చేత్తో పంచాలి. నలభై ఊళ్ళ జనం వత్తన్నారు."

"అవుతోంది అన్నయ్యా."

"ఏటా గొంతు? ఎవరో పోయినట్టు."

"ఇంకా పోలేదు," అన్నాడు సన్యాసిరావు. ఫోన్ పెట్టేశాడు.

నిజానికి పోవాల్సింది ఆమె ప్రాణమే. పాతకట్టు సడలుతోందట. మొదటి ముద్ద మళ్ళీ ఆమే తినాలి, తిని కన్నుమూయాలి. ఆ ప్రాణం పాకంలో కలిస్తేనే నలభై ఊళ్ళ నోళ్ళూ ఒక్కసారిగా కట్టుబడతాయి.

"ఈ పెనం ముందు ఒక్కడు 'వద్దు' అన్నాడా, నా కపాలం భళ్ళున పగులుతుంది," అని వికటాట్టహాసం చేశాడు భైరవానందుడు. "కానీ సన్యాసిరావు చెయ్యి చాస్తే వద్దనే మొనగాడు ఈ తాలూకాలో పుట్టలేదు. ఊఁ... కానీ, బావా."

పెనం దిగింది. మంత్రాలు మిన్నుముట్టాయి. కపాలం కళ్ళలో నీలిమంటలు లేచాయి. కప్పులోంచి గబ్బిలాలు రాలిపడ్డాయి...

సన్యాసిరావు తెడ్డు అందుకోలేదు. కాలుతున్న పాకంలోంచి వట్టి చేత్తో ముద్ద తీశాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఎన్నాళ్ళకో ఆ బంక తెలియలేదు.

అప్పలనర్సమ్మ అతని ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. చూసి... ఏ లోకంలో ఉందో గానీ, దోసిలి పట్టింది. చంటిపిల్లాడు ఏదో పెడుతుంటే పట్టినట్టు.

ఆ దోసిలి చూశాక సన్యాసిరావుకి చచ్చిపోవాలనిపించింది. చచ్చేముందు ఒక్క పని మిగిలింది. చెయ్యి పక్కకి తిప్పాడు. ముద్ద భైరవానందుడి మూతి ముందుకి చాచాడు.

"మొదటి ముద్ద. తిను బావా."

జపం ఆగింది. ఉచ్చు ఎవరికి పడిందో మాంత్రికుడికి అర్థమైంది. తింటే తన నోరు పడిపోతుంది. తినకపోతే...

"ఏటిది సన్నాసిబావా?" అన్నాడు. సంస్కృతం ఎటు పోయిందో, అచ్చంగా దేముడే మాట్లాడుతున్నాడు. "నానేటి సేసేనని? మీ అన్న సెప్పిందే కదా సేసేను."

"నేనూ అంతే. తిను."

కపాలంలోంచి అప్పటిదాకా లేని గొంతొకటి వినబడింది. అప్పలనర్సమ్మ గొంతు. ఐదేళ్ళ కిందటిది, చెక్కుచెదరలేదు.

"తిను నాయనా. సినబాబు సేతి ముద్ద. మంచిదే."

ముద్ద పెదవికి తగిలింది. మాంత్రికుడు తల వెనక్కి విదిల్చుకున్నాడు.

"వద్దు!"

అంతే! కపాలం భళ్ళున పగిలింది... దాచిన 'వద్దు'లన్నీ ఒక్కసారి బయటపడ్డాయి! ముసలి గొంతులు, ఆడ గొంతులు, పొలం పోయినవాడివి, కొడుకు పోయినదానివి... వద్దు, వద్దు, వద్దని తేనెటీగల్లా పాకనంతా కమ్మేశాయి. ఆ మహాశక్తి ముందు ఏ మంత్రం నిలుస్తుంది? పెనం దానంతటదే లేచింది. మరిగే పాకం మాంత్రికుణ్ణి జటలనుంచి పాదాలదాకా పోతపోసింది. అరుపు సగంలోనే గడ్డకట్టింది. మనిషెత్తు బెల్లపు దిమ్మ, నోరు తెరుచుకుని! పొయ్యి ముందు అప్పలనర్సమ్మ రెప్ప వాల్చింది, మడమలు నేలకాన్చింది.

తర్వాత చీమలొచ్చాయి. నర్సీపట్నం రోడ్డు దాటి, శారదానది మీద ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కట్టుకుని వచ్చాయట, నమ్మితే నమ్మండి. పొద్దువాలేసరికి ఎముకలదండ మాత్రం మిగిలింది. దాన్ని అవి ముట్టలేదు.

సాయంత్రం మీటింగుకి సన్యాసిరావు ఖాళీ చేతులతో వెళ్ళాడు. వేదిక మీద అన్న కుర్చీ చూపించాడు.

"ఇకనించి నీతో లేను అన్నయ్యా. సత్తియ్యని ఎవరు చంపించారో, నర్సమ్మకి ముద్ద ఎవరు పెట్టారో ఇక్కడే చెబుతాను," అన్నాడు మైకులో. చెప్పాడు. తన పేరు ముందు చెప్పాడు.

జనం చప్పట్లు కొట్టలేదు. అతను దిగొచ్చి నేలమీద కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళు లేచి దూరం జరిగారు. అలా జరిగినందుకు అతనెవర్నీ తప్పుపట్టలేదు. ఆ ఎన్నికల్లో పరదేశి ఓడిపోయాడు. తమ్ముడికి గెలిచిన వైపునుంచీ పిలుపు రాలేదు, వచ్చినా వెళ్ళేవాడు కాదు.

మరుసటేడు గానుగాడగానే సన్యాసిరావు నాతవరం నడిచివెళ్ళి, మొదటి ముద్ద ఆకులో పెట్టుకుని అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. మచ్చబడిన అరచెయ్యి చాచాడు.

ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది.

"వద్దు బాబూ," అంది. తలుపేసుకుంది.

ఆ మాట విన్నాక అతను తల వంచుకునే వెనక్కి నడిచాడు. కానీ ఏటేటా వెళుతూనే ఉన్నాడు, ఆమె గొంతు ఆమె దగ్గరే ఉందని వినడానికి.