తలుపు రాయని ఉత్తరం

మధ్యాహ్నం మూడు గంటలకు ఆ రేడియో కేంద్రంలో కునుకు తీయకుండా ఉండేది ఇద్దరే. స్టూడియోలో అనౌన్సరమ్మ, అద్దానికి అవతలి గదిలో ఇంజనీరు బాబాయి. పొద్దున్నే నదుల నీటిమట్టాలు, వాతావరణం, పదింటికి తప్పిపోయినవాళ్ల ప్రకటనలు, ఒంటిగంటకు వార్తలు. ప్రభుత్వ రేడియో అన్నాక ఎవరు విన్నా వినకపోయినా చెప్పాల్సినవి చెప్పి తీరాలి. అవన్నీ అయ్యాక మిగిలిన అరగంట మాత్రం అనౌన్సరమ్మది. శ్రోతల ఉత్తరాలు చదివి, జవాబు చెప్పి, ఒక పాట వేస్తుంది.

ఇరవై ఆరేళ్లుగా ఆ అరగంటే ఆమె సంసారం. ఇంటికెళ్తే పలకరించేది కుక్కర్ విజిల్ ఒక్కటే. అందుకే పెద్దాఫీసరు పిలిచి, "వారానికి పది ఉత్తరాలైనా రాకపోతే మీ అరగంట తీసేయమని పైవాళ్లు అంటున్నారండీ. ఏమీ అనుకోకండి" అన్నప్పుడు ఆమెకు కాళ్లకింద నేల కదిలినట్టయింది.

ఆ వారం వచ్చినవి మూడు. మిగతా ఏడూ ఆమే రాసింది.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకుంటూ ఎడమచేత్తో రాసింది. ఒక లారీ డ్రైవరును పుట్టించింది, ఒక కొత్త కోడలిని పుట్టించింది. అందరికన్నా మనసుపెట్టి పుట్టించింది మాత్రం మూలగది మామ్మని. కాళ్లు పడిపోయిన ముసలామె. ఒక గది, ఒక మంచం, ఒక రేడియో. 'నీ గొంతు తప్ప నాకెవరూ లేరమ్మా' అని మామ్మ చేత రాయించిన రోజు ఆమెకే ఏడుపొచ్చింది. తను ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా మామ్మ చేత చెప్పించింది మరి.

అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ రోజు బయట జోరున వాన. స్టూడియోలో మాత్రం వాన వినపడదు. కిటికీ ఉండదు, గోడలకు మెత్తలు, తలుపు జానెడు మందం. ఎప్పుడూ ఉండే పాత తివాచీ వాసనలో ఆ రోజు ఇంకేదో కలిసింది. చాలాకాలం మూసి ఉంచిన గదిలో మందు సీసా తెరిచినట్టు. ఆమె పట్టించుకోలేదు. ప్రసారం మొదలైనట్టు ఎర్రలైటు వెలిగింది.

మామూలుగా అయితే ఉత్తరాలన్నీ ముందే ఒకసారి చదువుకుని వచ్చేది. ఇప్పుడు చాలావరకు తన రాతలే కదా అని ధీమా. కట్టలోంచి నాలుగో కార్డు తీసి, మైకు ముందు చదవడం మొదలుపెట్టింది.

"మూలగది మామ్మ రాస్తున్నారు. అమ్మా, బాగున్నావా..."

రాత తన ఎడమచేతిదే. కార్డు మాత్రం తను రాసింది కాదు.

"నన్ను రాసింది నువ్వే కదా. మంచం రాశావు. రేడియో రాశావు. దిగులు రాశావు... అది బాగా రాశావు."

ఆపేయాలి. కానీ రేడియోలో మౌనం ప్రసారం కాకూడదు. పది సెకన్లు మాట లేకపోతే సంజాయిషీ రాసివ్వాలి. ఇరవై ఆరేళ్ల అలవాటు నోటిని ఆగనివ్వలేదు.

"గదికి తలుపు మాత్రం రాయలేదు. ఎనిమిది నెలలుగా గోడలు తడుముతున్నాను. నీ అరగంట అయిపోయాక... ఇక్కడ ఎంత చీకటో తెలుసా?"

పాట వేయమని అద్దంలోంచి సైగ చేసింది. బాబాయి వేశాడు. హెడ్‌ఫోన్లో పాట వెనకాల... ఏదో చప్పుడు. ఎవరో అరచేత్తో గోడ తడుముతున్నారు. మెల్లగా... ఒక్కో జానా.

"బాబాయ్," గుసగుసగా అడిగింది, "ఏమైనా వినబడుతోందా?"

"పాటేనమ్మా. ఏం?"

భయం వేసింది. భయం కన్నా ఎక్కువ జాలి వేసింది. దిక్కులేని మనిషిని పుట్టించి, దారిలేని గదిలో పడేసింది తనే. ఒంటరితనం ఎంత బరువో తెలిసినవాళ్లు చేసే పనేనా ఇది? పెన్ను తీసి, కార్డు చివర ఎడమచేత్తో రాసింది. 'మామ్మ గదికి తలుపు వచ్చింది. మామ్మ లేచి, బయటికి నడిచింది.'

చప్పుడు ఆగిపోయింది.

గుండె తేలికపడింది. మూడున్నరకు శ్రోతల దగ్గర సెలవు తీసుకుని, హెడ్‌ఫోన్ పక్కన పెట్టి, ఇంటికెళ్దామని వెనక్కి తిరిగింది.

గోడ.

ఈ మూల నుంచి ఆ మూల దాకా... మెత్తల గోడే. తడిమింది. కుట్లు తగిలాయి. గడియ తగల్లేదు. పరిగెత్తి పిడికిళ్లతో అద్దం బాదింది. బాబాయి ఇటు చూడనైనా చూడలేదు. ఎవరినో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. వీపు మాత్రమే కనబడుతోంది. ఒంటి మీద అనౌన్సరమ్మ చీర, భుజాన అనౌన్సరమ్మ సంచీ.

అవతలి గది మాటలు వినిపించే చిన్న స్పీకరు ఇంకా పనిచేస్తోంది.

"కాళ్లు తిమ్మిరెక్కాయా అమ్మా? మెల్లగా నడవండి."

"అలవాటు తప్పింది నాయనా," అంది అనౌన్సరమ్మ గొంతు.

అద్దానికి అవతల దీపం ఆరింది. ఇవతలా ఆరింది. ఆమె బల్లంతా తడిమింది. కార్డు లేదు, పెన్నూ లేదు. మైకు ఒక్కటే చేతికి తగిలింది. దానికి నోరు ఆనించి అడిగింది.

"ఎవరైనా... వింటున్నారా?"

చీకట్లో డీజిల్ వాసన వేసింది. ఆమె చెవికి బాగా దగ్గరగా, ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు.