పింక్ గోట్ పంపిన ఫోటో

"ఇక్కడ ఆరెంజ్ డక్ ఎవరండీ?"

గుమ్మంలో నిలబడి ఆ అబ్బాయి పెట్టిన కేకకి ఆఫీసులో అందరూ తలలెత్తారు. ఇళ్ల ప్లాన్లు గీసే ఆ చిన్న ఆఫీసులో బాతులెవరూ లేరు. చిట్టి మాత్రం మెల్లగా చెయ్యెత్తింది.

"నా ఫోనే. ఎందుకంత అరుస్తారు?"

"ఎవరిదో వంటగది కొలతలు నా కంప్యూటర్లోకి వచ్చాయి. మా షాపులో వంటగది లేదండీ!"

పక్క గదిలో వినికిడి మిషన్లు అమ్ముతాడతను. రోజంతా సరిగ్గా వినబడనివాళ్లతో మాట్లాడి మాట్లాడి, వినబడేవాళ్లతోనూ అదే గొంతు.

సంగతేమిటంటే, చిట్టి ఫోనుది ఒక జాతి, ఆఫీసు కంప్యూటరుది ఇంకో జాతి. ఒకదాని మాట ఒకటి వినదు. అందుకని రెండింట్లోనూ ఒకే వెబ్‌పేజీ తెరుస్తుంది. ఒకే వైఫై మీదున్న మిషన్లు ఆ పేజీలో గుండ్రాలుగా కనిపిస్తాయి. ఏ గుండ్రం నొక్కితే దానికి ఫైలు వెళ్తుంది. తెరిచినప్పుడల్లా ఆ పేజీ ప్రతి మిషనుకీ ఏదో రంగూ, ఏదో జంతువూ కలిపి కొత్త పేరు పెడుతుంది. ఆ అంతస్తు మొత్తానికి వైఫై ఒకటే. పక్క షాపతను కూడా తన రిపోర్టులకి అదే పేజీ వాడతాడని ఆమెకేం తెలుసు?

"నొక్కేముందు పేరు చూసుకోండి," అన్నాడతను.

"పొద్దున ఏనుగు, మధ్యాహ్నం మేక! ఎన్నని గుర్తుపెట్టుకోను?"

ఆనాటి నుంచీ వరండాలో ఎదురైతే చాలు, "డక్ గారూ, బాగున్నారా?" అని కేకేసేవాడు. ఆమె చెవులు మూసుకునేది. కేక వినబడని రోజున మాత్రం పని మధ్యలో గుమ్మం వైపు చూసేది. ఎందుకో ఆమెకే తెలియదు.

అంతలో పిన్ని ఒక సంబంధం తెచ్చింది. ఆదివారం వాళ్లొస్తారు. ఈలోగా వీళ్ల ఫోటో వాళ్లకి, వాళ్ల ఫోటో వీళ్లకి.

తన ఫోటో కాస్త చీకటిగా ఉందని, కంప్యూటర్లో సరిచేద్దామనుకుంది చిట్టి. ఫోనులో పేజీ తెరిస్తే ఒక్కటే గుండ్రం కనబడింది. ఒక్కటే ఉన్నప్పుడు ఇక పేరు చదవడమెందుకు? నొక్కేసింది. ఫోటో చేరిందని గుర్తు కూడా వచ్చింది. తలెత్తి చూస్తే ఆఫీసు కంప్యూటరు తెర నల్లగా ఉంది. కునుకు తీస్తోంది.

కునుకు తీసేది ఫోటో ఎలా అందుకుంది?

పావుగంటైనా అది తేలకముందే ఫోను టింగుమంది. పింక్ గోట్ నుంచి ఒక ఫోటో, తీసుకుంటారా? అయోమయంలో సరేనని నొక్కింది.

మిషన్ల అద్దాల బీరువా ముందు, తల తడిపి దువ్వుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ పక్క షాపు అబ్బాయి. ఒక్క మాటా లేదు. ఉత్త ఫోటో.

ఇదేమిటి? వెక్కిరింపా? పొరపాటా? పొరపాటైతే తల ఎందుకు దువ్వుకున్నాడు?

సాయంత్రం ఇంటికెళ్లినా ఆ తలే కళ్ల ముందు. అమ్మ ఫోను మాట్లాడ్డానికే పనికొస్తుంది కాబట్టి పిన్ని పంపే ఫోటో చిట్టి ఫోనుకే రావాలి. కూతురు మొహం కడుక్కునొచ్చేలోగా అమ్మ ఆ ఫోను తెరిచి చూసేసింది.

"ఏమండీ, ఇటు రండి! అబ్బాయి నెమ్మదస్తుడిలా లేడూ? నోట్లో నాలుక లేనట్టున్నాడు పాపం."

నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, బాగున్నాడన్నట్టు తలూపాడు.

"నీకు నచ్చాడా?" అంది అమ్మ.

ఇతను ఆ అబ్బాయి కాదమ్మా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బయటికి మాత్రం "ఊఁ" అని వచ్చింది. అమ్మ వెంటనే పిన్నికి ఫోను చేసి, మాకు నచ్చాడు, ఆదివారం రమ్మను అనేసింది.

ఎవర్ని చూసి ఎవరికి సరేనన్నట్టు? చిట్టికి తల తిరిగిపోయింది.

మర్నాడు సరాసరి పక్క షాపుకెళ్లింది.

"ఆ ఫోటో ఎందుకు పంపారు?"

"మీరు పంపారుగా! తిరిగి పంపకపోతే బాగుండదని…"

"నేను నా కంప్యూటరుకి పంపుకున్నాను. పెళ్లి సంబంధం కోసం."

అతని మొహం వాడిపోయింది. "అయ్యో. మా నాన్నమ్మకి చెప్పేశానండీ. ఆవిడకి వినబడేలా చెప్పడమంటే వీధందరికీ చెప్పినట్టే." మౌసు అందుకున్నాడు. "డిలీట్ చేసేస్తాను. నాదీ తీసేయండి."

"ఆగండి. మీరు మా అమ్మకి నచ్చారు."

"మీ అమ్మగారు నన్నెప్పుడు చూశారు?"

చెప్పింది. అర్థంకాక మళ్లీ చెప్పించుకున్నాడు. ఆ తర్వాత అతని పెదాలు కదిలాయిగానీ మాట బయటికి రాలేదు.

"వినబడలేదు. గట్టిగా అనండి," అంది చిట్టి. ఆ మనిషితో ఆ మాట అనాల్సొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"మరి… మీకు?"

జవాబు చెప్పకుండా అమ్మకి ఫోను కలిపింది.

"అమ్మా, నిన్న నువ్వు చూసిన ఫోటో పిన్ని పంపింది కాదు. మా పక్క షాపతనిది."

"మరి ఆదివారం వచ్చే అబ్బాయి?"

"అతని ఫోటో ఇంకా రానే లేదు."

"అయితే నువ్వు ఊఁ అన్నది ఎవరికే?"

"నువ్వు చూపించిన అబ్బాయికే."

అటు గిన్నె ఠక్కున కిందపెట్టిన చప్పుడైంది.

"నీ తలకాయ! ఒకర్ని చూసి ఇంకొకర్ని రమ్మన్నాం. పిన్ని నన్ను బతకనిస్తుందా?" అమ్మ గట్టిగా నిట్టూర్చింది. "సరేలే, వాళ్లని రావద్దనమని పిన్నికి నేను చెప్పుకుంటాను. ఆదివారం ఆ అబ్బాయినే రమ్మను. భయస్తుడిలా ఉన్నాడు, మెల్లగా అడుగు."

చిట్టి అతని వైపు తిరిగింది. "ఆదివారం మా ఇంటికొస్తారా?"

"వస్తానండీ! మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి!"

బీరువా అద్దాలు జల్లుమన్నాయి.

"స్పీకర్లో పెట్టావా ఏంటే?" కంగారుగా అడిగింది అమ్మ.

"లేదమ్మా," అంది చిట్టి, ఫోను రెండో చెవికి మార్చుకుంటూ. "ఆయన మామూలుగానే మాట్లాడుతున్నారు."