నీడ దొంగ

చెప్పుల వరద వచ్చిన ఏడు జరిగిన సంగతి ఇది. మొన్నటి వరద కాదు, దానికి ముందుది. చెప్పుల దుకాణాల వీధి మొత్తం మునిగి, నీళ్ళు తీశాక ఎవరి గుమ్మంలో చూసినా ఎవరిదో ఒంటి చెప్పు. ఆ ఏడంతా ఊళ్ళో పెద్దమనుషులు సైతం ఒక కాలికి నలుపు, ఇంకో కాలికి ఎరుపు వేసుకుని దర్జాగా తిరిగారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. నవ్వేవాడు ముందు తన కాళ్ళు చూసుకోవాలి కదా.

ఆ వరదలోనే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కూడా మునిగింది. దాన్ని ఆరబెట్టి మళ్ళీ నిలబెట్టారు గాని, జలుబు వదలని ముసలాడిలా అది ఎప్పుడు తుమ్ముతుందో ఎవరికీ తెలియదు. అది తుమ్మినప్పుడల్లా వీధికి కరెంటు పోయేది. అందరి ఇళ్ళలో ఫ్యాన్లు ఆగేవి. ఒక ఇంట్లో మాత్రం నెమళ్ళ తలలు ఆగిపోయేవి.

ఆ ఇంటి అమ్మాయి ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. కంప్యూటరు చెప్పినట్టు సూది తనే కుట్టుకుపోయే మిషను. కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. ఆమె నెమలికి ఊళ్ళో పేరు. అయితే ఆ నెమలి తోకతో మొదలై తలతో పూర్తవుతుంది. సరిగ్గా మెడ దగ్గరికి వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్‌కి తుమ్ము వచ్చేది. కరెంటు తిరిగి వచ్చాక సూది వెంట్రుకవాసి పక్కకి జరిగేది. తల వెళ్ళి వీపు మీద కూర్చునేది. ఆ తలలు ఊడదీశాక ఇంట్లో ఒక బీరువా నిండా తలలేని నెమళ్ళే.

ఆమె తండ్రి కరెంటు ఆఫీసులో మీటరు రీడరుగా చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ ఆయన పేరు మీటరే. కళ్ళ ముందు అంకె తిరగనిదే దేన్నీ నమ్మడు. డాబా మీద సోలార్ ప్యానెల్స్ పెట్టిద్దాం నాన్నా అని కూతురు అడిగితే, ఎండని నమ్ముకుని వడియాలు పెట్టుకుంటారు గాని మిషన్లు నడుపుకుంటారా అన్నాడు.

కూతురు ఊరుకునే రకం కాదు. ఫోనులో దొరికిన వీడియోలన్నీ చూసింది. కంపెనీల వాళ్ళని పిలిచింది. మొదటివాడు టై కట్టుకుని వచ్చి, డాబా మొత్తం కప్పేద్దాం మేడమ్ అన్నాడు. కరెంటు పోయినప్పుడు మీ ప్యానెల్స్ పని చేస్తాయా అని ఆమె అడిగింది. అదొక్కటే చెయ్యవండీ అన్నాడు. మరి దేనికయ్యా అంటే, బ్యాటరీలు లేకపోతే అవి కూడా కరెంటుతో పాటే పడుకుంటాయని నసిగాడు. రెండోవాడు వచ్చి మొదటివాణ్ణి తిట్టి వెళ్ళాడు. ఇంకేం చెప్పలేదు.

ఆఖరున ఒక మెకానిక్ వచ్చాడు. డాబా చూసి తల గోక్కున్నాడు. బ్యాటరీలతో పెడదాం, కాని ప్యానెల్స్‌కి నీడంటే పడదమ్మా అన్నాడు. వరసలో ఒకదాని మీద నీడ పడితే మిగతావి కూడా అలుగుతాయట. ఉమ్మడి కాపురంలో ఒక కోడలు అలిగినట్టు. అందుకని నీళ్ళ ట్యాంకు నీడ, మెట్లగది నీడ ఏ వేళకి ఎక్కడిదాకా వస్తాయో కొన్నాళ్ళు సుద్దతో గీసి ఉంచమన్నాడు. నీడ తగలని చోటు తగినంత ఉంటేనే పని మొదలుపెడతానని చెప్పి వెళ్ళాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ డాబా అప్పటికే వేరొకడి చేతిలో ఉంది.

వాడి పేరు ఊళ్ళో లాండ్రీ. ఇంటి ముందుగది అద్దెకి తీసుకుని లాండ్రీ షాపు పెట్టిన కుర్రవాడు. పాత షాపు వరదలో పోయింది. మిగిలిందల్లా ఒక ఇస్త్రీపెట్టె, స్టేషను దగ్గరి లాడ్జి దుప్పట్లు ఉతికే పని. ఆ దుప్పట్లు ఆరడానికి వాడికి ఉన్నది ఈ డాబా ఒక్కటే. డాబా పోతే లాడ్జి పోతుంది. లాడ్జి పోతే వాడు ఊరు వదలాల్సిందే.

టేపు పట్టుకుని మొదటిసారి డాబా ఎక్కిన రోజున అమ్మాయి మొహానికి తడి దుప్పటి ఫెడీమని తగిలింది. ఆమె ఆ దుప్పటినే అరగంట తిట్టింది. డాబా ఎవరిదనుకుంటున్నారు, ఇలా అడ్డంగా కడితే మనుషులు ఎటు నడవాలి, తాళ్ళన్నీ తీసేసే రోజు వస్తోంది, జాగ్రత్త అంది. దుప్పటి వెనక నుంచి లాండ్రీ బయటికి వచ్చాడు. నోటినిండా క్లిప్పులు. మాట్లాడితే రాలిపోతాయి. అన్నిటికీ తల ఊపాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంది ఆమె. క్లిప్పులు లేకపోతే ఆ రోజు రెండో వరద వచ్చి ఉండేది.

మిషను దగ్గర కూర్చుంటే ఆమెకి లేవడం కుదరదు. పూటపూటకీ మెట్లెక్కి నీడ గీయడం ఎలా? గుడ్డలు ఆరేసేవాడికి తెలిసినంతగా నీడ సంగతి ఎవరికి తెలుస్తుందని, సుద్దముక్క తీసుకెళ్ళి లాండ్రీ చేతిలోనే పెట్టింది. దొంగచేతికి తాళాలివ్వడం అంటే ఇదే.

లాండ్రీ పొద్దుటి నీడ ఉన్నది ఉన్నట్టు గీశాడు. తర్వాత బుర్రలో పురుగు తొలిచింది. ఈ గీతలు ఎంత పొడుగైతే ప్యానెల్స్ అంత దూరం, తన తాళ్ళు అంత క్షేమం. మధ్యాహ్నం అయింది. సుద్ద తీసి ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, తన తాళ్ళ కిందుగా, అవతలి గోడ తగిలేదాకా గీసుకుంటూ పోయాడు. పక్కన పెద్ద అక్షరాలతో మధ్యాహ్నం అని రాశాడు. చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. అబ్బో, మా ట్యాంకు నీడ బాగా ఎదిగిందే అంది. ఎండాకాలం కదండీ అన్నాడు వాడు. అవునవును, ఎండాకాలంలో అన్నీ ఎదుగుతాయి అంటూ పిట్టగోడ మీద కూర్చుని ఫోనులో ఫోటో తీసుకుంది.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొదట గీతలు చూడటానికి, తర్వాత గీతల గురించి మాట్లాడటానికి, ఆ తర్వాత గీతల మాటే ఎత్తకుండా. లాడ్జి దుప్పట్ల మీది మరకలు చూసి ఏ మరక ఏ మనిషిదో వాడు చెప్పేవాడు. ఇది కూర ఒలికినాయన, ఇది జుట్టుకి రంగు వేసుకుని తడి ఆరకుండా పడుకున్నాయన, ఈ దుప్పటి మడత కూడా నలగలేదు, వీళ్ళిద్దరూ రాత్రంతా పోట్లాడుకున్నారు అని. ఆమె నవ్వి నవ్వి పిట్టగోడ పట్టుకునేది. ఆమె నవ్వుతుంటే వాడు ఆరిన దుప్పటినే మళ్ళీ ఆరేసేవాడు.

ఒక్కోసారి వాన పడి గీతలన్నీ కొట్టుకుపోయేవి. అయ్యో, మళ్ళీ మొదటికొచ్చిందండీ అనేవాడు. పోన్లెండి, మళ్ళీ గీద్దాం అనేది. లాండ్రీవాడు మబ్బు కోసం ఎదురుచూడటం లోకంలో అదే మొదలు. కింద లాడ్జి మనిషి దుప్పట్లేవయ్యా అని అరుస్తుంటే, పైన వీడు ఆకాశం కేసి చూసి ముసిముసిగా నవ్వేవాడు.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గాని, ఒక పెళ్ళివారి కర్టెన్లు వచ్చిపడ్డాయి. అమ్మాయి పగలంతా మిషను ముందు నుంచి కదలకుండా కుట్టింది. ఆఖరి కర్టెన్, ఆఖరి నెమలి, మెడ దాకా వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మింది.

ఆరిన బట్టలతో దిగుతున్న లాండ్రీకి ఆమె మెట్ల మీద కనబడింది. ఏడవడం లేదు. చిన్న కత్తెరతో నెమలి దారాలు ఒక్కొక్కటే కోసి తీస్తోంది. కర్టెన్లు వేళకి అందక పెళ్ళివారు ఇకమీదట ఆర్డర్లే ఇవ్వం అన్నారట. ఇంకొక్క ఆర్డరు ఇలా పోతే మిషను అమ్మేయమని నాన్న అన్నాడట. తలెత్తకుండానే చెప్పింది. ఆ రోజు వాడి నోట్లో క్లిప్పులు లేవు. అయినా తలే ఊపాడు.

పైకి తిరిగి వెళ్ళాడు. బకెట్టుతో నీళ్ళు కొట్టి డాబా అంతా కడిగాడు. మర్నాడు మెకానిక్ వస్తానన్న రోజు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి నీడ ఉన్నంత మేరకే గీశాడు. మధ్యాహ్నం నీడ ట్యాంకు కాళ్ళ దగ్గరే పిల్లికూనలా ముడుచుకుని ఉంది. దాని చుట్టూ గీత గీస్తుంటే వాడికి తన షాపుకి తనే తాళం వేస్తున్నట్టు అనిపించింది.

మెకానిక్ వచ్చి చూశాడు. మీటరు కూడా పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు. నీడ లేని చోటు కావలసినంత ఉంది. సరిగ్గా లాండ్రీ తాళ్ళు ఉన్నచోటే ఉంది. మెకానిక్ సరేనని టేపు తీశాడు. రేపటి నుంచి నీ గుడ్డలు ఇంకెక్కడైనా చూసుకో అబ్బాయ్ అన్నాడు మీటరు. లాండ్రీ తల ఊపి తాడు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు అమ్మాయి అడిగింది.

"నిన్నటిదాకా మధ్యాహ్నం నీడ అవతలి గోడ దాకా ఉండేది. ఇవాళ ఏమైందండీ, వాడిపోయిందా?"

లాండ్రీ చేతిలోని తాడు ఆగింది.

"అవన్నీ నేను కావాలని గీసిన దొంగగీతలండీ. తాళ్ళు పోతాయని గీశాను. తర్వాత..."

"తర్వాత?"

"తర్వాత మీరు రావడం మానేస్తారని గీశాను."

మెకానిక్ టేపుతో కొలిచిందే మళ్ళీ కొలవసాగాడు. మీటరు చెవి అటే ఉంది.

"మధ్యాహ్నం నీడ పొద్దుటి నీడ కన్నా పొడుగ్గా ఉంటుందా ఎక్కడైనా?" అంది ఆమె. "నాకు మొదటి రోజే తెలుసు."

"తెలిసి మరి చెప్పలేదేమండీ?"

"చెప్తే మర్నాటి నుంచి ఏ పని పెట్టుకుని మెట్లెక్కను? బుర్ర ఉందా నీకు?"

మీరు అనేది కాస్తా నువ్వు అయింది. వాడు అది గమనించి, తాడు కింద పడేశాడు.

"అందుకని ప్యానెల్స్ రాకుండా ఆపానని అనుకోకు," అని ఆమె ఫోను తీసి చూపింది. మొదటి వారంలోనే మెకానిక్‌తో మాట్లాడి గీయించిన బొమ్మ. ప్యానెల్స్ నేల మీద కాదు, ఎత్తయిన ఇనుప స్టాండు మీద, పందిరిలా. కింద వరసగా తాళ్ళు. "డబుల్‌కాట్ దుప్పటి తడిసి వేలాడితే నేలకి తగలకూడదు. అంత ఎత్తు పెట్టమన్నాను. నువ్వు లాడ్జికి వెళ్ళినప్పుడు వచ్చి కొలుచుకున్నాను. ట్యాంకు నీడ నిజంగా ఎంతో నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాను, అంతే. చెప్పకపోతే తాళ్ళు లేకుండానే కట్టించేదాన్ని."

లాండ్రీ ఆ బొమ్మలోని తాళ్ళు వేలితో లెక్కపెట్టాడు. వాడి జన్మలో వాడి దుప్పటి ఎత్తు గురించి ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు.

మీటరు గొంతు సవరించుకున్నాడు. "కరెంటు దొంగల్ని బోలెడంత మందిని పట్టుకున్నాను గాని, నీడ దొంగని చూడటం ఇదే," అని గొణుగుతూ దిగిపోయాడు. ఆయన అవునన్నాడో, కాదన్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

స్టాండు లేచింది. ప్యానెల్స్ ఎక్కాయి. మెట్ల కింద బ్యాటరీలు కూర్చున్నాయి. స్విచ్చి వేసిన రోజున సాయంత్రం దాకా మీటరు కొత్త మీటరు ముందు కుర్చీ వేసుకుని కదల్లేదు. అంకె తిరుగుతుంటే కన్నార్పకుండా చూశాడు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మింది. వీధిలో ఫ్యాన్లన్నీ ఆగాయి. ఇంట్లో మిషను మాత్రం టకటకలాడుతూనే ఉంది. ఆ ఇంట తుమ్ముని దాటి పుట్టిన మొదటి తలున్న నెమలి అదే. దాని తలకి ముక్కు కూడా కుదిరింది.

మీటరు కూతుర్నీ లాండ్రీనీ పిలిచాడు. గోడకి ఉన్న రెండు పాత మీటర్లు చూపించాడు. ఒకటి ఇంటిది, ఒకటి షాపుది.

"రెండెందుకు దండగ. ఒకటి తీయించేద్దాం. ఇకమీద ఒకటే ఇల్లు కదా," అన్నాడు.

ఆయన జన్మలో అంతకన్నా పెద్ద దీవెన ఎవరికీ ఇచ్చి ఎరగడు. అమ్మాయి నేల చూసింది. లాండ్రీ గోడ మీది మీటర్ల కేసి చూశాడు. తల ఊపాడు.

మర్నాడు పొద్దున లాండ్రీ అందరికన్నా ముందు లేచాడు. బకెట్టు, మెత్తటి గుడ్డ తీసుకుని డాబా ఎక్కి, నిచ్చెన వేసి, ప్యానెల్స్ మీది దుమ్మంతా తుడిచాడు, పెళ్ళివారి కర్టెన్ ఉతికినంత ఒద్దికగా. తర్వాత కిందికి దిగి లాడ్జి వాళ్ళ డబుల్‌కాట్ దుప్పటి పిండి తాడు మీద వేశాడు. దాని అంచు నేలకి జానెడు ఎత్తున ఆగింది. వంగి మరీ చూసుకున్నాడు.

క్లిప్పుల కోసం చెయ్యి చాపాడు. డబ్బా ఖాళీ. దుప్పటికి అవతల ఆమె నిలబడి ఉంది, క్లిప్పులన్నీ పళ్ళ మధ్య పెట్టుకుని. ఒక్క మాట మాట్లాడినా రాలిపోతాయి.

ఆ పూట చెప్పాల్సిందంతా అతనే చెప్పాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది.