రెండు పక్కలా కలవని పులి

"చేతులు కట్టుకోండి. పులి ఏం తింటది?"

"మాంసం!"

"ఎక్కడ ఉంటది?"

"అడవిల!"

బస్సు ఇంకా పోచంపల్లి పొలిమేర దాటనేలేదు. అప్పుడే రఘుపతి బడి తెరిచేశాడు. నల్లగొండలో సైన్సు మాస్టరు అతను. అక్క గుర్వమ్మను పోచంపల్లిలో ఇచ్చారు. బావ ఐలేశం నేతపని చేస్తాడు. అమావాస్యనాడు ఆ ఇంట్లో మగ్గం కదలదు. ఈసారి అమావాస్య ఆదివారం పడేసరికి, హైదరాబాదులో కొత్తగా తెరిచిన జూ చూడటానికి ఇంటిల్లిపాదీ బయల్దేరారు. పిల్లలు నర్సింహ, యాదమ్మ వారం నుంచీ ఎగురుతున్నారు. మేనమామ కూడా వస్తున్నాడని తెలిసేదాకా ఎగిరారు.

"బావా, పిల్లలను జూకు తీస్కపోతున్నవా, పరీక్షకా?"

అడిగింది అండాలు. ఐలేశం చెల్లెలు. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే పనిలో చెయ్యి తిరిగిన పిల్ల, మాటల్లో అంతకంటే తిరిగిన పిల్ల.

"జూ అంటే తమాషా కాదు అండాలూ. గింత దూరం పోయేది నాలుగు ముక్కలు నేర్చుకోనీకె."

"అయితే నన్నేం ప్రశ్న అడుగుతవు?"

రఘుపతికి బస్సెక్కే ముందు అక్క చెవిలో చెప్పిన మాట గుర్తుకొచ్చింది. "తమ్మీ, ఇయ్యాలతోని ఆషాఢం పోతది. రేపే జనగామోళ్లు అండాలును చూడనీకె వస్తున్నరు. మీ బావ మాట ఇచ్చేటట్టే ఉన్నడు. నీకు మనసుంటే ఇయ్యాల్నే ఆ పిల్లను అడుగు."

"నిన్ను... నిన్నొకటి అడగాలె."

"అడుగు మరి."

పిల్లలిద్దరూ చెవులు రిక్కించారు. ముందు సీటులోంచి ఐలేశం కూడా వెనక్కి తిరిగాడు.

"ఏనుగు ఎన్నేండ్లు బతుకుతది?"

అండాలు పకపకా నవ్వి కిటికీ వైపు తిరిగింది. ఆ నవ్వు ఆగాక ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. అది మాత్రం మన మాస్టరు చూడలేదు.

జూలోనూ అదే వరస. ప్రతి జంతువు ముందూ రఘుపతి దానికి వీపు పెట్టి నిలబడేవాడు. పేరు, తిండి, దేశం, బరువు గడగడా చెప్పేవాడు. పిల్లలు చేతులు కట్టుకుని తిరిగి అప్పజెప్పేవాళ్లు. ఎలుగుబంటి దగ్గర నర్సింహ ఆవలించాడు. జిరాఫీ దగ్గర యాదమ్మ అరిచేతితో కళ్లు నులుముకుంది.

"బావా, ఒక్కడన్న జంతువును చూస్తున్నడా? అందరు నీ మొఖమే చూస్తున్నరు," అంది అండాలు.

"నువ్వు?"

"నేను గూడ నీ మొఖమే చూస్తున్న. ఏం జెయ్యాలె, అడ్డం నిలవడితివి!"

రఘుపతి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయేలోగా వాన కురిసింది. చినుకూ తుంపరా కాదు, కుండపోత. అందరూ పరుగెత్తి పులి కందకం ఎదుట ఉన్న రేకుల షెడ్డు కింద దూరారు.

"పులి పిల్లి జాతికి చెందిన..." రఘుపతి మొదలుపెట్టాడు. రేకుల మీద వాన మోతకు ఆ ముక్క అతనికే వినబడలేదు. ఇంకాస్త అరిచాడు. లాభం లేక నోరు మూసుకుని, చేసేదేమీ లేక, పులి వైపు తిరిగాడు.

పులి వానలో తడుస్తూ ఇటు నాలుగు అడుగులు, అటు నాలుగు అడుగులు వేస్తోంది. పిల్లలు చేతులు విప్పేశారు. షెడ్డు ముందరి కమ్మీలు పట్టుకుని చాలాసేపు చూశారు. వాన కాస్త నెమ్మదించగానే యాదమ్మ గట్టిగా అరిచింది.

"మామా! పులి ఖరాబైంది!"

"ఏమైందే?"

"గీ పక్క గీతలు గా పక్క లేవు! గిటు రెండు గీతలు కలిసినయి, గటు ఒక్కటే ఉంది!"

ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకు అది చిన్న విషయం కాదు. చీరలో ఈ అంచు పువ్వుకు ఆ అంచు పువ్వు కలవకపోతే ఐలేశం దాన్ని మూలకు విసిరేస్తాడు. ఆ రోజంతా ఇంట్లో ఎవరూ నోరెత్తరు. ఇప్పుడు అతను కూడా వంగి, కళ్లు చికిలించి చూశాడు.

"నిజమే. ముడుల కట్టు కుదరలె," అన్నాడు చాలా గంభీరంగా.

యాదమ్మ బావురుమంది. "పాపం, దీన్ని గూడ మూలకు పడేస్తరా?"

అందరూ మాస్టరు వైపు చూశారు. పులి బరువు చెప్పగలడు, పళ్లెన్నో చెప్పగలడు. ఇది మాత్రం ఏ పాఠంలోనూ చదవలేదు. ఏదో ఒకటి చెప్పి గండం గట్టెక్కవచ్చు. పిల్ల కళ్లలో నీళ్లు చూశాక అతనికి మనసొప్పలేదు.

"నాకు తెల్వదు బిడ్డా. పులి గురించి ఎందరికో చెప్పిన గని, రెండు పక్కలా నేనెన్నడు చూడలె. ఏడ్వకు. అవతల ఇంకో పులి ఉంది. ఇదొక్కటే గిట్లున్నదా, అదీ గిట్లనే ఉన్నదా, పోయి చూద్దాం పా."

పిల్లలు చినుకుల్లో పరుగెత్తారు. అక్కాబావలు షెడ్డు కిందే ఉండిపోయారు. రెండో పులి ఒక పక్కకు ఒరిగి హాయిగా పడుకుంది. లేస్తే గానీ రెండో పక్క కనబడదు. రఘుపతి ఇస్త్రీ ప్యాంటుతోనే పిల్లల పక్కన బురదలో చతికిలబడ్డాడు. అండాలు వెనక నిలబడి కొంగు పిండుకుంటోంది. కాసేపటికి అతను లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అండాలూ, బస్సుల నేను అడగాల్సింది ఏనుగు సంగతి కాదు."

"ఎర్కనే."

"నిన్ను చేసుకోవాలని ఉంది నాకు. చానా రోజుల సంది ఉంది. నీ మనసుల ఏముందో తెల్వదు."

అండాలు నోరు తెరిచింది. అప్పుడే పులి బద్ధకంగా లేచి ఇటు తిరిగింది.

"ఇదీ కలువలె మామా!" నర్సింహ ఎగిరాడు. "దాని లెక్క గూడ లేదు, దీనిది వేరే!"

"అయితే ఖరాబు గాలె!" యాదమ్మ చప్పట్లు కొట్టింది.

"ఖరాబు గాలె బిడ్డా! మనం చూసిన రెండూ గిట్లనే ఉన్నయి!" రఘుపతి యాదమ్మను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. బురద చొక్కా, నుదుటికి అతుక్కున్న జుట్టు, చిన్నపిల్లాడి ముఖం. అండాలుకు అతనంటే ఇష్టం ఎప్పటినుంచో ఉంది, జీవితమంతా పాఠాలు వినాలేమోనని భయమూ ఉంది. ఆ క్షణంలో భయం పోయింది. ఇష్టం గుండె నిండా మిగిలింది.

జవాబు చెప్పే సందు మాత్రం మళ్లీ దొరకలేదు. సాయంత్రం తిరుగు బస్సులో ఐలేశం భార్యతో అంటున్నాడు. "పొద్దుగాల్ల రవ్వ తెప్పియ్యి గుర్వమ్మా. జనగామోళ్లు పదింటికల్లా వస్తరు."

"వాళ్లను రావద్దను అన్నా," అంది అండాలు.

"ఎందుకు?"

"నేను రఘుపతి బావను చేసుకుంట."

ఐలేశం నెమ్మదిగా బావమరిది వైపు తిరిగాడు. రఘుపతి గభాల్న లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా, నువ్వడిగినవా?"

"అడిగిన బావా."

"ఎక్కడ?"

"పులి కాడ."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఐలేశం బిగబట్టుకోవాలని చూశాడు గానీ మీసాల కింద నవ్వు ఆగలేదు.

"పులి కాడ గింత ధైర్యం జేసినోడివి, నన్ను జూసి ఎందుకు వణుకుతున్నవయ్యా? పొద్దుగాల్ల బస్సుకు జనగామకు మనిషిని తోలుత. శ్రావణంలనే మంచిరోజు చూపిద్దాం."

గుర్వమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అండాలు కిటికీ వైపు జరిగి చోటిచ్చింది.

"నిలవడ్డవేంది బావా? కూసో."

రఘుపతి కూర్చున్నాడు. తడి కొంగు చాటున ఆమె చేయి వచ్చి అతని చేతిని పట్టుకుంది. పోచంపల్లి వచ్చేదాకా ఇద్దరూ వదల్లేదు.