పాలు, స్టాండ్ బై

"పాలు... స్టాండ్ బై" అంది అత్తగారు, పొయ్యి ముందు నడుం మీద చెయ్యేసుకుని.

మామగారు గ్యాస్ మీటని పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. పాలు నురుగుతో గిన్నె అంచుదాకా లేచాయి.

"గో!"

ఆయన ఠక్కున పొయ్యి కట్టేశారు. చుక్క ఒలకలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

గుమ్మంలో జడ అల్లుకుంటూ నిలబడ్డ కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఆ మాటలు తనవి. తన ఉద్యోగానివి.

ఆమె ఒక నాటకశాలలో స్టేజి మేనేజరు. అక్కడ ఆడేవన్నీ ఇంగ్లీషు నాటకాలే. ప్రేక్షకుల వెనక, హాలు చివర ఉన్న అద్దాల గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుంది. తెర ఎప్పుడు లేవాలో, ఏ లైటు ఎప్పుడు వెలగాలో ఆమే చెప్పాలి. 'స్టాండ్ బై' అంటే సిద్ధంగా ఉండమని, 'గో' అంటే ఇక కానిమ్మని. ఆమె నోట 'గో' రానిదే అక్కడ ఒక్క బల్బు వెలగదు. చప్పట్లు నటులకి, మెడనొప్పి ఈమెకి. ఇంట్లో తలుపేసుకుని ఆ వరసంతా పైకి వల్లెవేసుకోవడం ఆమెకి అలవాటు. గోడలకి చెవులుంటాయంటారు కదా, ఈ ఇంటి గోడకి ఉన్నవి అత్తగారి చెవులు.

అత్తగారు ఏళ్ల తరబడి బట్టలు కుట్టి సంసారాన్ని ఈదిన మనిషి. చేతిలోని కత్తెర కంటే నోరు పదును. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి కొనుక్కున్న చీర చూసి, "బాగుందమ్మా, చిరిగినా కిటికీకి పనికొస్తుంది" అన్న ఘనురాలు. అలాంటి మనిషి కూరగాయలు తరుగుతూ మధ్యలో కాళ్లు చాపి "ఇంటర్వెల్" అంటే, భోజనానికి ఆలస్యంగా వచ్చిన కొడుకుని "ఎంట్రీ లేటు" అని దెప్పితే, అది ఎత్తిపొడుపు కాక మరేమవుతుంది?

"మీ అమ్మకి నా పనంటే వేళాకోళంగా ఉంది" అంది కోడలు భర్తతో.

"ఊరికే సరదాకిలే. అమ్మ సంగతి తెలిసిందేగా" అన్నాడాయన, పాము చావకుండా కర్ర విరగకుండా.

ఆ ఆదివారం మధ్యాహ్నం నాటకం చివరి ఆట. చివరి ఆటకి తెర వెనక పనిచేసేవాళ్లందరికీ ఇంటివాళ్ల కోసం తలో రెండు సీట్లు ఇస్తారు. ఆట అయ్యాక ఇంటివాళ్లని స్టేజి మీదికి పిలిచి టీ పోస్తారు. ఆ రెండు సీట్లూ అత్తామామలకే అని కోడలు మొదట్నించీ అనుకుంది. పాలు పొంగిన ఆ ఉదయం మనసు విరిగింది. వేషాలు కుట్టే స్నేహితురాలికి ఫోన్ చేసి, "నా సీట్లు కూడా నువ్వే తీసుకో" అని చెప్పేసింది.

శనివారం రిహార్సల్ త్వరగా ముగిసి పట్టపగలే ఇంటికొచ్చిందామె. తలుపు తోస్తే లోపల చీకటి. కిటికీలన్నిటికీ పరదాలు దించి ఉన్నాయి. భోజనాల బల్ల చుట్టూ ఉండాల్సిన కుర్చీలు ముందుగదిలో వరసగా నిలబడ్డాయి. మామగారు టార్చిలైటు పట్టుకుని, "టికెట్ ప్లీజ్" అన్నారు. పెళ్లిళ్లకి కట్టుకునే చీరలో ఉన్న అత్తగారు చింపిన క్యాలెండరు ముక్క ఆయనకి చూపించి, వరసలోకి నడిచి, ఖాళీ కుర్చీని మర్యాదగా అడిగింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఈజ్ దిస్ సీట్ టేకెన్?"

కోడలు చెయ్యి చాచి లైటు వేసింది.

"చాలత్తయ్యా! పాలూ కూరలూ అయ్యాయి, ఇప్పుడు మా హాలునే తెచ్చి ఇంట్లో పెట్టి వెక్కిరిస్తున్నారా? పొద్దస్తమానం ఆ గదిలో మెడలు విరగ్గొట్టుకుంటాను. బయటివాళ్లకి నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. కనీసం ఇంట్లోవాళ్లయినా..." భుజానున్న సంచి తీసి కుర్చీలో పడేసింది. "రేపటి సీట్లు మీ కోసమే అనుకున్నాను. ఇంకొకరికి ఇచ్చేశాను. ఇప్పుడు హాయిగా నవ్వుకోండి."

మాటకి మాట అప్పజెప్పే అత్తగారు చేతిలోని క్యాలెండరు ముక్కని నాలుగు మడతలు పెట్టి, మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"వెక్కిరింత కాదమ్మా, ప్రాక్టీసు" అన్నారు మామగారు టార్చి ఆర్పేస్తూ.

"ప్రాక్టీసా? దేనికి?"

"మీరు ఊరుకోండి" అని ఆయన్ని ఆపి అత్తగారే అందుకుంది. "మొన్నామధ్య మీ నాటకాల ఫోటోల ప్రదర్శనకి తీసుకెళ్లావు, గుర్తుందా? మీవాళ్లంతా నవ్వుతూ నన్ను ఇంగ్లీషులో ఏదో అడిగారు. నేను గోడకి కొట్టిన మేకులా నిలబడ్డాను. నా మొహం చూసి నువ్వు సగంలోనే బయల్దేరదీశావు."

"కాళ్లు నొప్పులన్నారు కదా!"

"సిగ్గేసి అలా అన్నాను. మనం మెట్లు దిగుతుంటే లోపల మైకులో నీ పేరు పిలిచారు. నీ గురించి నాలుగు మంచిమాటలు చెప్పే వేళకి నువ్వు నా వెంట ఆటో ఎక్కుతున్నావు. దారి పొడుగునా నన్నొక్క మాట అనలేదు. అదే నా గుండెలో ఉండిపోయింది. ఇంకోసారి వెళ్తే నా వల్ల నువ్వు మధ్యలో లేవకూడదనుకున్నాను. నాటకాలకీ ప్రదర్శనలకీ వెళ్తే ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో ఈయన ఫోన్లో పాఠాలున్నాయి. నీ మాటలేమో గోడ చాటు నుంచి ఏరుకున్నాను. వంట చేస్తూ వాడితేనే నాకు నోట నిలుస్తాయి."

"నన్నడిగితే నేర్పేదాన్ని కాదా అత్తయ్యా?"

"నిద్రలేక కళ్లు పీక్కుపోయి వస్తావు. దానికి తోడు నాకు పంతులమ్మ ఉద్యోగం కూడానా? అయినా తప్పు నీది కాదులే. నా నోరు సంగతి నాకు తెలీదూ? మంచిమాట అన్నా సూది గుచ్చినట్టే ఉంటుంది."

కోడలికి తను ఇంటికొచ్చే రాత్రులు గుర్తొచ్చాయి. ఆట ముగించుకుని ఎంత ఆలస్యంగా వచ్చినా వరండాలో లైటు వెలుగుతూనే ఉండేది. బల్ల మీద మూత పెట్టిన కంచం ఉండేది. పెళ్లయిన నాటి నుంచీ ఊరందరి లైట్లకీ తను 'గో' చెబుతోంది. ఆ వరండా లైటు ఎవరు వేస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు. ఆ ఆలోచన రాగానే కళ్లు నిండిపోయాయి.

వెళ్లి అత్తగారి పక్క కుర్చీ దగ్గర నిలబడింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అత్తయ్యా?"

"ఇంగ్లీషులో అడుగు" అంది అత్తగారు ముక్కు ఎగబీలుస్తూ.

స్నేహితురాలికి మళ్లీ ఫోన్ వెళ్లింది. "మీ అత్తగారికా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని ఆవిడ సీట్లు సంతోషంగా తిరిగిచ్చేసింది.

ఆదివారం అద్దాల గదిలోంచి కోడలికి రెండు నెరిసిన తలలు కనబడ్డాయి. భర్త ఎక్కడో వెనక వరసలో టికెట్ కొనుక్కుని కూర్చున్నాడు. ఇంటర్వెల్లో అత్తగారు పక్కావిడతో ఏదో అంటోంది, పక్కావిడ తలూపుతోంది. ఏమంటోందో వినబడక కోడలి ప్రాణం కొట్టుకుపోయింది.

నాటకం అయిపోయింది. నటులు వరసగా వచ్చి తలవంచారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

"హాలు లైట్లు, స్టాండ్ బై" అంది కోడలు మైకులో.

అప్పుడు చూసింది. అందరూ స్టేజి వైపు తిరిగి ఉంటే, పెళ్లిళ్ల చీర కట్టుకున్న మనిషి ఒక్కతే స్టేజికి వీపు పెట్టి, తలెత్తి అద్దాల గది వైపు చూస్తూ, చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతోంది. మామగారూ ఇటు తిరిగారు. ఏమిటా అని పక్కవాళ్లు తిరిగారు. ఆ వెనక వరస తిరిగింది. స్టేజి మీది నటులు కూడా నవ్వుతూ అద్దాల గది వైపు చేతులు చాపి చప్పట్లు మొదలుపెట్టారు.

"మేడమ్?" అన్నాడు చెవిలో లైట్లతను. "మేడమ్, లైట్లు?"

ఆమె అద్దానికి అరచెయ్యి ఆనించింది. అందరూ మసకచీకట్లోనే చప్పట్లు కొడుతున్నారు. ఎప్పటికో, ఏడుపులో కలిసి, "గో" వచ్చింది.

స్టేజి మీద టీ కప్పు పట్టుకుని దర్శకుడితో "వండర్‌ఫుల్ షో" అనడం పూర్తిచేసి, అత్తగారు కోడలి దగ్గరికి నడిచొచ్చింది.

"చివర్లో లైట్లు లేటయ్యాయేం? ఇలాగైతే ఉద్యోగం ఊడగొడతారు."

కోడలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"రోజూ నా కోసం వరండాలో లైటు వేసి ఉంచుతున్నందుకు థాంక్స్ అత్తయ్యా. ఎప్పుడో చెప్పాల్సింది."

"దానికి థాంక్స్ ఏమిటే, కరెంటు దండగ" అంటూ అత్తగారు ఆ పెళ్లిళ్ల చీర కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.