నలభై ట్యూబుల్లో నాలుగు

కల్చర్ రూమ్ టెక్నీషియన్ ఉదయం ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ఎనిమిదీ అయిదుకి అదే కుర్చీలో చచ్చిపోయాడు. నాడి పట్టుకోకుండానే డ్యూటీ డాక్టర్ గుండెపోటు అనేశాడు. క్షయ ఆసుపత్రిలో పొద్దున్నే ఒక మనిషి పోవడం పెద్ద వార్తేమీ కాదు. స్ట్రెచర్ చక్రం ఒకటి తిరగనని మొండికేస్తే, ఇద్దరు అటెండర్లు దాన్ని తిట్టుకుంటూ తోసుకుపోయారు.

వరండాలో టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం శవం ఎడమ చెవి వెనక చూశాడు. అక్కడ ఆవగింజంత ఎర్రచుక్క ఉంది. గుండెపోటుకి అంత సన్నటి సూది ఉంటుందని అతనికి తెలీదు.

ఈ మనిషిని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో దబ్బనం అంటారు. సన్నంగా ఉంటాడు, ఎక్కడ గుచ్చితే అక్కడ దిగుతాడు. ఆసుపత్రిలో మాత్రం అతను పదిహేడో బెడ్డు పేషెంట్ తమ్ముడు. అయిదు నెలలుగా రోజూ క్యారేజీతో వస్తాడు. పై రెండు గిన్నెల్లో అక్కకి భోజనం, అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్.

బాత్రూమ్‌లో గొళ్లెం పెట్టి అడుగు గిన్నె తెరిచాడు.

"పాలు విరిగాయి."

"ఎప్పుడు?" అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్ చీఫ్.

"ఎనిమిదింటికి. చెవి వెనక సూది."

"ఛ. మంచి ఇన్ఫార్మర్." పెద్దాయన సంతాపం అంతటితో ముగిసింది. "సరే, విను. ఆ విదేశీ ప్రొఫెసర్ కొత్త మందు ట్రయల్ అంటూ పేషెంట్లకి ఇస్తున్నది పూర్తి మందు కాదు. సగం డోసు. సగం డోసుకి క్రిమి చావదు, ముదురుతుంది. ఇప్పుడు ఏ మందుకీ లొంగని క్రిమి, ఒక కొత్త స్ట్రెయిన్, తయారైంది. దాన్ని చంపే వేరే మందు ఒక్క వాడి దగ్గరే ఉంది. ముందు జబ్బుని వదుల్తాడు. తర్వాత మందు పట్టుకుని దేవుడిలా దిగుతాడు."

"బయటికి ఎలా తీసుకెళ్తున్నాడు?"

"ప్రతి వారం ఆ ఆసుపత్రి ల్యాబ్ నుంచి విదేశీ ల్యాబ్‌కి పేషెంట్ల కఫంలోంచి క్రిమిని పెంచిన నలభై కల్చర్ ట్యూబులు పరీక్షకి వెళ్తాయి కదా. ఇవాళ్టి పెట్టెలో నాలుగు వాడివి. ఏ నాలుగో చెప్పేలోపే మనవాడు పోయాడు. పదకొండింటికి ఎంబసీ సీలు పడుతుంది. పడ్డాక నేనే కాదు, మినిస్టర్ కూడా ఆ పెట్టెని ముట్టుకోలేడు. అంచేత మొత్తం పెట్టెని ఆటోక్లేవ్‌లో పడేసి ఉడకబెట్టు."

"సార్, మిగతావి పేషెంట్లవి. ఒక్కో కల్చర్ పెరగడానికి రెండు నెలలు పడుతుంది. ఆ రిపోర్ట్ వస్తే గానీ ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తెలీదు."

"అయితే?"

"మళ్లీ రెండు నెలలంటే కొందరు అందాకా ఉండరు."

"అది హెల్త్ డిపార్ట్‌మెంట్ గొడవ. మనది కాదు." "ఇంకో సంగతి. ఆ స్ట్రెయిన్ పదిహేడో బెడ్డు నుంచి తీశారు."

దబ్బనం గిన్నెని నోటికి దగ్గరగా లాక్కున్నాడు. "మా అక్కకి ఇస్తున్నది సగం డోసని మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్ను పంపిన రోజునుంచీ. ట్రయల్ ఆపిస్తే ప్రొఫెసర్ రింగు మొత్తం జారిపోయేది. సొంత అక్క మంచం పక్కన కూర్చున్నవాణ్ని ఎవడూ అనుమానించడని కూడా తెలుసు. ఓవర్."

అయిదు నెలలు తన చేత్తో తనే, టైము తప్పకుండా, నీళ్లు అందించి మరీ ఆ మాత్రలు మింగించాడు. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది దబ్బనానికి. నరుక్కునే తీరిక లేక గిన్నె మూత పెట్టాడు.

ఎక్స్‌రే రూమ్ మలుపులో మానిటర్ మేడమ్ ఎదురైంది. ట్రయల్ సక్రమంగా జరుగుతోందో లేదో చూడ్డానికి విదేశీ సంస్థ పంపిన ఇన్‌స్పెక్టర్ ఆవిడ. ఆవిడ వస్తుంటే దగ్గుతున్న పేషెంట్లు కూడా దగ్గు ఆపుకుని చూసేవాళ్లు. పట్టు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులు, మాస్కు పైనుంచి నవ్వే కళ్లు. రింగు గుట్టు పెద్దాయనకి చేరవేసింది ఆవిడే. డిపార్ట్‌మెంట్ లెక్కలో డబుల్ ఏజెంట్.

"ఈ వార్డులో గాలి ఎటునుంచి వస్తుంది?" అంది.

"కిటికీ ఉన్న వైపునుంచి." ఇది కోడ్. ఇలాంటి వెర్రి ప్రశ్నకి ఇలాంటి వెర్రి జవాబు ఇంకెవరూ ఇవ్వరని పెద్దాయన ధీమా.

"ఆ నాలుగు ట్యూబులేవో మీరు చెప్పాలి మేడమ్."

"చెప్పను." హ్యాండ్‌బ్యాగ్ లోంచి తెల్లటి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "ప్రొఫెసర్ మందు. సగం కోర్సు. మిగతా సగం ఈ బ్యాగ్‌లోనే ఉంది. పదకొండింటి దాకా వెళ్లి మీ అక్క పక్కన కూర్చోండి. సీలు పడగానే రెండో సగం ఇస్తాను. ఆవిడ బతుకుతుంది."

"మీరు మా మనిషి అనుకున్నాను."

"నేను అందరి మనిషిని."

దబ్బనం నీతిమంతుడిలా డబ్బాని విసిరికొట్టలేదు. జేబులో వేసుకున్నాడు. ఎక్కడో ఎవరో ముఖం తెలియని వేలమంది ఒకవైపు, తల్లి పోయాక తన జడకి కట్టుకునే రిబ్బన్‌తో తమ్ముడి బడిసంచీ కట్టి పంపిన అక్క ఒకవైపు. అతనికి లెక్క తేలిగ్గానే తేలింది. చెప్పుకోడానికి సిగ్గుచేటే, కానీ అదే నిజం.

పదిహేడో బెడ్డు మీద అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. నర్సులు ఆమెని స్లైడమ్మ అంటారు. ఇదే ఆసుపత్రి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఊళ్లో వాళ్ల కఫం చూసింది. ఫ్యాన్ పాడైన గదిలో, కిటికీ తెరుచుకోని చోట, చూసి చూసి చివరికి తనూ తెచ్చుకుంది. ఇప్పుడు మెడ ఎముకల గుంటల్లో గుప్పెడు నీళ్లు నిలుస్తాయి.

"ఆలస్యమైందేం రా? పంపుసెట్లు బాగా అమ్ముడుపోతున్నాయా?"

"అక్కా..."

"నువ్వు పంపుసెట్ల సేల్స్‌మన్‌వని ఇరవై ఏళ్లుగా నమ్మినట్టు నటిస్తున్నాను. నాక్కూడా జీతం ఇవ్వమను మీవాళ్లని." నవ్వబోతే దగ్గొచ్చింది. కఫం కప్పు నోటి దగ్గర పెట్టుకుంది. కప్పులో ఎరుపు చూసి, అలవాటు కొద్దీ, పరీక్షగా కళ్లు చిట్లించింది. "చెప్పు. మొహం అలా ఉందేం?"

చెప్పేశాడు. సగం డోసు, స్ట్రెయిన్, నాలుగు ట్యూబులు, డబ్బా. పదకొండింటి దాకా ఇక్కడే కూర్చుంటానన్నాడు.

అక్క కఫం కప్పు పక్కన పెట్టింది. తర్వాత మాట్లాడిన తీరుకి పక్క బెడ్డు మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా ఊపిరితిత్తుల్లో వాడు పంట పండించాడా? దాన్ని తీసుకెళ్లి ఊళ్ల మీద చల్లుతుంటే నువ్వు ఇక్కడ కూర్చుని నాకు విసనకర్ర విసురుతావా? సిగ్గులేదుట్రా?"

"నువ్వు బతుకుతావక్కా."

"మందు వద్దని ఎవరన్నారు? నేనేమైనా త్యాగమూర్తినా? మందూ పట్టుకురా, ఆ నాలుగూ పట్టుకో. మగాడివి, రెండు పనులు ఒకేసారి చేతకాదా?"

"ఏ నాలుగో తెలీదు కదా!"

"తెలీకపోవడమేమిటి? ట్యూబులు పెట్టెలో పెట్టేముందు స్పిరిట్‌తో తుడవాలి. ఇంకుతో రాసిన నంబరు ఒక్క తుడుపుకి పోతుంది. అందుకని మేం డైమండ్ పెన్సిల్‌తో గాజు మీదే నంబరు గీకి, ఆ గీతల్లో నల్లరంగు పులుముతాం. పైకి చూస్తే మామూలు రాతలాగే ఉంటుంది. ల్యాబ్ బెంచి దగ్గర కూర్చున్నవాడికి తప్ప ఆ సంగతి తెలీదు." అక్క ఊపిరి అందుకుంది. "పోయిన టెక్నీషియన్ నా శిష్యుడే. వాడు మనవైపు ఉంటే, ఆ నాలుగింటికి నంబర్లు వాడు గీకడు. వాళ్లే రాసుకుని ఉంటారు. ప్రొఫెసర్లు పుస్తకాలు రాస్తారు గానీ ట్యూబుల మీద రాయడం వాళ్లకేం తెలుసు? దూది పట్టుకెళ్లి తుడువు. ఏది చెరిగితే అది వాడిది."

పదీ నలభై. అటెండర్ ఖాకీ కోటు, బకెట్టు, మాస్కు. క్షయ ఆసుపత్రిలో అందరూ ముఖాలు కప్పుకునే తిరుగుతారు కనుక గూఢచారికి ఇంతకంటే సుఖమైన చోటు లేదు. దబ్బనం కల్చర్ రూమ్‌లోకి వెళ్లి గొళ్లెం పెట్టాడు.

టేబుల్ మీద పెట్టె, పెట్టెలో నలభై ట్యూబులు, ఒక్కోదానిలో ఆకుపచ్చటి ముద్ద మీద కాలీఫ్లవర్‌లా పెరిగిన క్రిమి. సింకు కింద ఫినాయిల్ బకెట్లో నాలుగు ట్యూబులు పగిలి ఉన్నాయి. పెట్టెలో చోటు కోసం తీసి పారేసినవి. ఎవరో నలుగురి రెండు నెలలు ఆ బకెట్లో తేలుతున్నాయి.

దూది స్పిరిట్‌లో ముంచి తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి, చెరగలేదు. రెండు, చెరగలేదు. తొమ్మిదో నంబరు దూదికి నల్లగా అంటుకుని గాజు శుభ్రమైపోయింది. దాన్ని పక్కన పెట్టాడు. ఇరవై రెండు చెరిగింది. ఇరవై మూడూ చెరిగింది. ముప్పై ఏడు దాకా ఇంకేమీ లేవు. ముప్పై ఎనిమిది చెరిగింది.

అప్పుడే తలుపు గొళ్లెం ఊడి కిందపడింది.

ప్రొఫెసర్ ముందు, సీలు పట్టుకుని. వెనక మానిటర్ మేడమ్, చేతిలో బంగారు మూత పెన్ను. ఆ పెన్నుకి ములుకు ఉండాల్సిన చోట సూది ఉంది.

"అక్క మీద ప్రేమ అంతేనా?" అంది మేడమ్, దగ్గరికొస్తూ.

దబ్బనం నాలుగు ట్యూబులూ గుప్పిట్లో పట్టుకుని చెయ్యి పైకెత్తాడు. రెండో చేత్తో తన మాస్కు లాగి పారేశాడు.

"ఇంకో అడుగు వేస్తే గచ్చుకి కొడతాను. ముగ్గురం కలిసి పీలుద్దాం."

నెలల తరబడి ఇతరుల ఊపిరితిత్తుల్లో దాన్ని పెంచిన ప్రొఫెసర్ ఒక్క గెంతులో గోడకి అతుక్కుపోయాడు. రెండు చేతులతో తన మాస్కు అదిమిపట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుపు లంకించుకున్నాడు. అడ్డుగా వచ్చిన ఆయన్ని తప్పించుకోబోయి మేడమ్ సింకు కింది బకెట్ని తన్నింది, ఒలికిన ఫినాయిల్ నీళ్ల మీద ఆమె ఎత్తు మడమ జారి కిందపడింది. దబ్బనం మోకాలితో ఆమె మణికట్టు గచ్చుకి నొక్కి, పెన్ను తన్నేసి, హ్యాండ్‌బ్యాగ్ లాక్కున్నాడు. ట్యూబుల్ని ఆటోక్లేవ్‌లో దించి మూత మరలు బిగించి స్విచ్ వేశాడు. బయట వ్యాను హారన్ కొట్టింది. గోడ గడియారంలో పదకొండుకి అర నిమిషం తక్కువ. కొత్త దూదితో చివరి రెండూ తుడిచాడు, చెరగలేదు. పెట్టె మూసి, ప్రొఫెసర్ వేళ్ల మధ్యనుంచి సీలు తీసుకుని తనే వేశాడు. ముప్పై ఆరుమంది రిపోర్టుల కోసం వ్యాను కదిలింది.

దబ్బనం రెండో డబ్బా కూడా జేబులో వేసుకుని వార్డు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పైమెట్టు మీద పెద్దాయన నిలబడి ఉన్నాడు, పక్కన ఇద్దరు మనుషులు.

"శభాష్. ఆ డబ్బాలు ఇలా ఇవ్వు."

"ఏ డబ్బాలు సార్?"

"మేడమ్ అప్రూవర్‌గా మారింది. కింద స్టేట్‌మెంట్ ఇస్తోంది. మొదటి వాక్యమే నీ జేబుల గురించి." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఘోరం. "అది ఎవిడెన్స్. కెమికల్ అనాలిసిస్‌కి వెళ్లాలి. మందు నిజమైనదని తేలకపోతే కేసు నిలవదు."

"ఒక్క డబ్బా ఉంచండి సార్. సగం నాకివ్వండి."

"సగం డోసు ఇస్తే ఏమవుతుందో పొద్దున్నే చెప్పాను కదా."

దబ్బనం ఆయన గొంతు పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు ఉన్నది అందుకే. అతన్ని మెట్ల మీద బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, జేబుల్లోంచి రెండు డబ్బాలూ, మేజోడులోంచి అతను దాచిన పది మాత్రలూ ఏరుకున్నారు. పెద్దాయన కాలరు సర్దుకుని పద్ధతి ప్రకారం రసీదు రాసిచ్చాడు.

అక్క రసీదు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చదివింది. తమ్ముడి పెదవి చిట్లి ఉండటం చూసింది.

"నాలుగూ దొరికాయా?" అంది.

"దొరికాయి."

"మరింకేం." దుప్పటి అంచుతో అతని రక్తం తుడిచింది. "ఏడవకు, వెధవా. అందరూ చూస్తున్నారు." ఆ మాట అంటున్న ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. బతకాలని ఆమెకి చాలా ఉంది.

డెబ్బై ఒకటో రోజున అక్క పోయింది. ఇరవై నాలుగు గంటలైనా కాకముందే పదిహేడో బెడ్డుకి ఇంకో మనిషిని తెచ్చారు.

ఆ తర్వాత పందొమ్మిది రోజులకి దబ్బనానికి రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చింది. లోపల ప్రశంసాపత్రం, దాని వెనక కెమికల్ అనాలిసిస్ రిపోర్ట్. మందు అసలైనదేననీ, ఆ స్ట్రెయిన్‌ని పూర్తిగా నిర్మూలిస్తుందనీ, శాంపిల్ మొత్తం పరీక్షలోనే ఖర్చయిపోయిందనీ రాశారు. కింద పెద్దాయన స్వదస్తూరీతో ఒక వాక్యం చేర్చాడు, మీ అక్కగారు త్వరగా కోలుకోవాలని డిపార్ట్‌మెంట్ కోరుకుంటోందని.