ఎర్ర దీపం కింద ఒకే ఒక్క స్ఫటికం

“తలుపు వేసెయ్యండి” అని ఆమె లోపలి నుంచి అరిచేసరికే వరండాలోని ఎండ బల్ల మీద పడింది.

గది చీకటిగా ఉంటే ఎవరూ లేరనుకుని, ప్రయోగశాలలో ఎక్స్‌రే యంత్రం చూసుకునే అతను తలుపు తీశాడు. ఎర్ర దీపం కింద ఆమె నెలల తరబడి పెంచిన స్ఫటికాలు, ఉప్పు రవ్వంతవి, ఎండ తగిలి కళ్ళముందే పగిలిపోయాయి.

“సారీ అండీ. చీకట్లో మనుషులుంటారనుకోలేదు.”

“మరి ఎవరుంటారు?”

“దయ్యాలు.”

“ఒకటుంది. మీ ఎదురుగానే.”

మూత కింద ఉన్న ఒక్క స్ఫటికమే మిగిలింది. రేపు యంత్రాన్ని విప్పి మరమ్మతుకు పంపేస్తున్నారు. ఇదీ పగిలితే ఆమె పరిశోధన మళ్ళీ మొదటికొస్తుంది.

“తప్పు నాది. ఇవాళంతా యంత్రం మీకే” అన్నాడతను.

యంత్రంలో చల్లని నైట్రోజన్ గాలిలో స్ఫటికాన్ని నిలబెట్టాక, వెలుగుతో దాని అణువుల్ని మార్చే పని త్వరగా కావాలని పెద్ద దీపం అందుకోబోయాడు. ఆమె అతని చేయి పట్టుకుని ఆపి, వెంటనే వదిలేసింది.

“అంత వెలుగు పైపొరలోనే ఆగిపోతుంది. పైన మారి లోపల మారకపోతే పగులుతుంది. ఇది అంతగా పీల్చుకోని రంగు వెలుగివ్వాలి. అదైతే లోపలిదాకా వెళ్తుంది.”

“అంటే ఇష్టంలేని వెలుగా?”

“కొంచెమే ఇష్టమున్న వెలుగు.”

అతను నవ్వి దీపం మార్చాడు. ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చుని ఎదురుచూశారు. ఇంట్లో బాబాయి తనకు గుడ్లగూబ అని పేరు పెట్టాడని ఆమె చెప్పింది. ఆ బాబాయికి దండం పెట్టాలన్నాడతను.

సాయంత్రానికి తెర మీద అణువుల బొమ్మ తేలింది. స్ఫటికం పగల్లేదు. అణువులో ఒక బంధం తెగి, రెండు ముక్కలూ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి.

“స్ఫటికం బయటైతే ఇలా ఎంతసేపుంటుంది?” అని అడిగాడతను.

“రెప్ప వేసేలోపు ఇంకొకటైపోతుంది. మధ్యలో ఇలాంటిదొకటి ఉండాలని లెక్కకట్టడమే గానీ, దీన్ని చూసినవాళ్ళు లేరు.”

“ఇక్కడెలా ఆగింది?”

“చలి. పైగా చుట్టూ ఉన్న అణువులు కదలనివ్వవు.”

ఆమె కళ్ళు చెమర్చాయి. అతను ఏదో చెప్పబోయి, యంత్రం బోల్టుల గురించి మాట్లాడాడు. మళ్ళీ మొదలుపెట్టి, గాలి గొట్టం గురించి మాట్లాడాడు.

“రేపటి నుంచి మీకిక్కడ పనుండదు కదా” అందామె, తెర వైపే చూస్తూ.

“ఉండదు.”

“ఆదివారం మా ఇంటికి రండి. మీరేం మాట్లాడక్కర్లేదు. మా నాన్న ఒకటే అడుగుతాడు, మా అమ్మాయంటే ఇష్టమా అని.”

అతను ఆదివారం దాకా ఆగలేదు.

“అవును” అన్నాడు.